దాసుడు, దాసరి, స్వామి... మధ్యలో మనం

కార్తీకమాసం వచ్చిందంటే మా వీధిలో వావివరసలు తారుమారైపోతాయి. మొన్నటిదాకా "ఒరేయ్ చంటీ, బండి గుమ్మానికి అడ్డంగా పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా" అని అరిచిన పక్కింటి పిన్నిగారు నిన్న పొద్దున్న అదే కొడుకుతో "స్వామీ, బండి కాస్త అటు జరుపుకోండి" అన్నారు. నల్లపంచె, మెళ్ళో తులసిమాల, నుదుట విభూతి, కాళ్ళకి చెప్పుల్లేవు. గేటు దగ్గర పేపరు కోసం నిలబడ్డ నేను "ఏంట్రా ఈ వేషం" అనబోయి నాలిక్కరుచుకున్నాను. "స్వామి శరణం" అన్నాడు వాడు. కాదు, అన్నారు వారు. మండలం పూర్తయ్యేదాకా ఇంతే. ఈ 41 రోజులూ వాడు తినేది అన్నం కాదు, భిక్ష. తిట్టాలంటే మనకే భయం.

కాఫీ చల్లారిపోయేదాకా అదే ఆలోచన. వాడు చేస్తున్నది భక్తే కదా, మరి భక్తుణ్ణి పట్టుకుని స్వామి అంటామేమిటి? స్వామి అంటే సొంతదారు, యజమాని. పాలేరుని యజమాని పేరు పెట్టి పిలవడం లోకంలో ఎక్కడా లేదు, ఒక్క శబరిమల దారిలో తప్ప. పద్దెనిమిది మెట్లూ ఎక్కి పైకెళ్ళాక గుడి ముందు 'తత్త్వమసి' అని రాసి ఉంటుంది. అది నువ్వే అని అర్థం. ఇన్నాళ్ళూ స్వామీ స్వామీ అని పిలిపించుకున్నది ఆ నాలుగక్షరాలూ అక్కడ నిలబడి చదువుకోవడానికే అనేవారు మాకు తెలిసిన గురుస్వామి ఒకాయన. చదివి, ఇంటికొచ్చి, మాల తీశాక మళ్ళీ ఒరేయ్ చంటీయే.

ఆ స్వాముల్లోనూ తరగతులున్నాయి. మొదటిసారి మాల వేసుకుంటే కన్నెస్వామి. తర్వాత కత్తిస్వామి, గంటస్వామి, గదస్వామి. అలా వెళ్ళగా వెళ్ళగా పదిమందికి మాల వేసే పెద్దరికం వస్తే గురుస్వామి. మా వీధి చివర ఓ కాంట్రాక్టరుగారున్నారు. యాభై దాటిన మనిషి, బుర్రమీసాలు, బస్తా సిమెంటు ఒంటిచేత్తో లేపేస్తారు. ఆయన గుమ్మంలో నిలబడి "నేను ఈ ఏడే కన్నెస్వామినండీ" అంటే మా ఇంట్లో ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తమిళంలో 'కన్ని' అంటే 'తొలి' అని కూడా చెల్లుతుంది. మన చెవికి మాత్రం కన్నె అంటే ఆడపిల్లే. ఇక బెజవాడ ఇంద్రకీలాద్రి దగ్గరికి దీక్షల రోజుల్లో వెళ్ళారనుకోండి, ఎర్రబట్టలు కట్టినవాళ్ళంతా, ఆడైనా మగైనా, 'భవానీ'లే. "భవానీ, కాస్త దారివ్వండి" అంటే ఆరడుగుల లారీ డ్రైవరు ఒదిగి పక్కకి జరుగుతాడు. నాకు ఆ దృశ్యం భలే ఇష్టం.

నాకీ మాటల పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. వయసులో ఉండగా ఓ పత్రికలో డెస్కు మీద పనిచేశాను. ఒకసారి ఓ పాత గుడి గురించిన వార్తలో 'ఆలయ పురోహితుడు' అని రాసి పారేశాను. మర్నాడు ఆ గుడి అయ్యగారే వెతుక్కుంటూ వచ్చారు. కోపం లేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "బాబూ, నేను పెళ్ళిళ్ళు చేయించను" అన్నారు. అంతే. లేచి వెళ్ళిపోయారు. మా పెద్ద సబ్ ఎడిటరుగారు నన్ను పిలిచి, "పురోహితుడు మీ తరఫు మనిషి, మీ ఇంటికొచ్చి మీ పని జరిపించి వెళ్తాడు. అర్చకుడు దేవుడి ఇంటి మనిషి, అక్కడ మేలుకొలుపు దగ్గర్నుంచి పవళింపు దాకా ఆయన పనులు చూస్తాడు. ఇద్దరూ మంత్రాలు చదువుతారు కదా అని కలిపేయకు" అన్నారు. పూజారి అన్నది ఆ రెంటికంటే కాస్త వదులుగా ఉండే మాట. గ్రామదేవత గుళ్ళో కుమ్మరి పూజారి ఉంటాడు, చాకలి పూజారి ఉంటాడు. కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తారు. మేడారంలో అయితే అసలు పూజారి అనే మాటకే పని లేదు, అక్కడ కోయ వడ్డెలు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నారు గానీ పురోహితుడు ఇవ్వడని ఎవరూ అనలేదు, గమనించారా? వరాలతో ఆయనకి సంబంధం లేదు మరి.

అప్పట్నుంచీ దేవుడి చుట్టూ తిరిగే మనుషుల పేర్లు కనబడితే ఆగి చూడ్డం అలవాటైంది. చూడగా చూడగా నాకు తోచిందేమిటంటే, ఈ పేర్లలో కొన్ని మనంతట మనం చెప్పుకునేవి, కొన్ని ఎదుటివాళ్ళు ఇస్తేనే చెల్లేవి. 'భక్తుడు' రెండో రకం. "నేను దాసుణ్ణండీ" అంటే వినయం. "నేను భక్తుణ్ణండీ" అని చెప్పుకుంటే మాత్రం ఎదుటివాడు చెప్పులు ఎక్కడ విడిచానా అని ఓసారి చూసుకుంటాడు.

ఆ మాటని విప్పి చూడండి, దేవుడికంటే ముందు అన్నం కనిపిస్తుంది. సంస్కృతంలో 'భజ్' అనే ధాతువుకి పంచడం, పంచుకోవడం, సేవించడం అన్నీ అర్థాలే. భాగం, విభజన, భాగ్యం, భజన, భగవంతుడు, అన్నీ ఆ గూటి పక్షులే. డుమువులు ప్రథమా విభక్తి అంటూ వల్లెవేయించి మనకి బెత్తం దెబ్బలు తినిపించిన విభక్తి కూడా వాటి తోబుట్టువే. వండిన అన్నాన్ని సంస్కృతంలో 'భక్తం' అంటారు. వండాక వడ్డించి పంచేది కదా! ఉత్తరాదివాళ్ళు రోజూ తినే 'భాత్' అందులోంచి వచ్చిందే. కాబట్టి అసలు లెక్కలో భక్తుడంటే వంగి దణ్ణం పెట్టేవాడు కాదు, పొత్తులో ఉన్నవాడు. దేవుడి దగ్గర వాటా ఉన్నవాడు. 'భాగస్వామి' అని రోజూ వ్యాపారాల్లో వాడతామే, అందులో భక్తుడి భాగం, యజమాని స్వామి రెండూ ఒకే మాటలో కాపురం చేస్తున్నాయి.

కంచర్ల గోపన్నని చూడండి. తహసీల్దారు ఉద్యోగం, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, తానీషా గోల్కొండలో ఖైదు వేయించాడు. పన్నెండేళ్ళని చెప్పుకుంటారు. లోకం ఆయనకిచ్చిన పేరు రామదాసు. దాసు అన్నాక ఎలా ఉండాలి? నోరెత్తకూడదు. ఈ దాసు మాత్రం జైల్లో కూర్చుని, రామయ్యకి ఫలానా నగకి ఇంతైంది, సీతమ్మకి ఫలానా నగకి ఇంతైంది, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నారని అడిగేశాడు. పైగా ఆ తర్వాత దెబ్బల బాధకి ఓర్వలేక తిట్టానని ఒప్పుకున్నాడు కూడా. పేరుకే దాసు, అడగడంలో పక్కా వాటాదారు. తెలుగువాడికి అన్నమయ్యంత చేరువగా రామదాసూ ఉండడానికి ఆ తిట్టే కారణమని నా నమ్మకం. మనకి పొగిడేవాడి మీద గౌరవం, దెబ్బలాడేవాడి మీద ప్రేమ.

దాసు అనేది ఇలా పేరు చివర తోకలా చేరి బిరుదైపోయింది. కన్నడ దేశంలో పురందరదాసు, కనకదాసు. మనకి విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). కాలికి గజ్జె కట్టి హరికథ చెప్తే ఆ దాసుగారి ముందు సంస్థానాలు చేతులు కట్టుకు కూర్చునేవి. ఆయన ఎవరికీ దాసోహమనే రకం కాదు. శ్రీవైష్ణవులు ఎదురుపడితే 'నేను' అనడానికి బదులు 'అడియేన్' అంటారు, అంటే మీ పాదాల దగ్గరి దాసుణ్ణి అని. ఇద్దరూ అలాగే అంటారు కాబట్టి ఎవరు ఎవరికి దాసుడో తేలదు. తొండరడిప్పొడి ఆళ్వారైతే ఇంకో మెట్టు దిగారు. మన విప్రనారాయణ కథ నాయకుడాయనే, అక్కినేని, భానుమతి వేసిన 1954 సినిమా చూసే ఉంటారు. తమిళంలో ఆ పేరుకి అర్థం భక్తుల కాలిధూళి అని. సంస్కృతంలో భక్తాంఘ్రిరేణువు. చమత్కారమేమిటంటే ఆ 'తొండర్' అనే మాటకి ఇవాళ తమిళనాట మొదట తట్టే అర్థం పార్టీ కార్యకర్త. జెండా పట్టుకుని నాయకుడి కారు వెనక పరిగెత్తేవాడు కూడా తొండరే. ధూళి మాత్రం అప్పుడూ ఇప్పుడూ వాడి వాటాకే వస్తోంది.

మరి దాసుడికీ దాసరికీ తేడా ఏమిటంటారా? ఒక్క అక్షరం ముక్క తేడా, మధ్యలో ఊరంత దూరం. దాసుడు మనసులో మాట, దాసరి వీధిలో మనిషి. నిలువు నామాలు, చేతిలో గరుడస్తంభం, శంఖం, సేమక్కలం మోగించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు దాసరి. 'దాసరి పాట్లు పెరుమాళ్ళకెరుక' అన్న సామెత ఆ తిరుగుడు చూసి పుట్టిందే. దాసుడి తప్పులు దండంతో సరిపోతాయి. దాసరి పాట్లకి సాక్ష్యం పెరుమాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు.

ఆ పాట్లు మన సాహిత్యంలో ఒకచోట ఎక్కాయి. ఎక్కించినవాడు మామూలువాడు కాదు, శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలో మాలదాసరి కథ ఉంది. కురుంగుడి గుడికి తెల్లవారుజామునే వెళ్ళి, గుడి బయటే నిలబడి, మంగళకైశికి పాడి వచ్చే అంటరాని మనిషి. ఒకరోజు వేళ తప్పి బయల్దేరి, అడవిలో కుంభజానుడనే బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. పాడి వచ్చి నీకు ఆహారమవుతానంటాడు. వెళ్తాడు, పాడతాడు, మాట ప్రకారం తిరిగొస్తాడు. ఆ రాక్షసుడు పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మడు. ఆ ఒక్క పాట ఫలం నాకియ్యమని దాసరి కాళ్ళు పట్టుకుంటాడు. చక్రవర్తి రాసిన కావ్యం, ఆళ్వారు ఇంటి కథ, అందులో అందరికంటే ఎత్తున నిలబెట్టిన భక్తుడు గుడి లోపలికి అడుగుపెట్టే వీల్లేనివాడు. ఈ కథ వరాహపురాణానిది. తమిళులు ఇతణ్ణి 'నంపాడువాన్' అంటారు. మన పాటగాడు అని అర్థం. చూశారా, ఆ పేరు తను పెట్టుకున్నది కాదు. ఈ కార్తీకమాసంలోనే శుద్ధ ద్వాదశిని కైశిక ద్వాదశి అంటారు. తిరుమలలో ఏడాది మొత్తం మీద ఉగ్రశ్రీనివాసమూర్తి గుడి దాటి బయటికొచ్చేది ఆ ఒక్కరోజే, అదీ ఎండ పొడ తగలకముందే.

ఇక్కడ ఓ చేదు మాట చెప్పక తప్పదు. కాఫీలో పంచదార సరిపోలేదనుకోండి. దాసుడికి స్త్రీలింగం ఏమిటి? దాసి. వ్యాకరణం రెంటినీ ఒకే పీట మీద కూర్చోబెట్టింది. లోకం కూర్చోనివ్వలేదు. రాముడికి దాసుడైతే రామదాసు, వీధులకి పేరు పెడతాం. దేవుడికి దాసి అయితే దేవదాసి, వీధి దాటించి ఊరవతల పెడతాం. తెలంగాణలో జోగిని, సీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. జోగిని అంటే యోగిని, బసివి బసవడి మాట, మాతమ్మ సాక్షాత్తూ అమ్మ. పేర్లన్నీ పూజకి పెట్టినవే, బతుకులు మాత్రం ఊరి మోతుబరులకి తాకట్టు. 1947లో మద్రాసులో ఓ చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చట్టం చేయాల్సివచ్చింది, పిల్లల్ని ఇలా దేవుడి పేరుతో అర్పించకూడదని. మగవాడికి కిరీటమైన మాట ఆడదానికి సంకెలైంది. భాషలో ఇంతకంటే పెద్ద మోసం నేను చూడలేదు.

దేవుణ్ణే నమ్ముకున్నా తరిగొండ వెంగమాంబ మాత్రం దాసి అనిపించుకోలేదు. చిన్నతనంలో భర్త పోతే జుట్టు తీయించుకోనంది, బొట్టు చెరపనంది, వేంకటేశ్వరుడే నా భర్త అంది. ఊరు నానా మాటలూ అంది. చివరికి ఆవిడ తిరుమల చేరింది. ఇవాళ కొండమీద వేలమందికి అన్నం పెట్టే భవనానికి ఆవిడ పేరే. భక్తానికి, అంటే అన్నానికి, భక్తురాలి పేరు!

సరే, శివుడి వైపు వద్దాం. అక్కడ లెక్కలు మరీ ఖచ్చితం. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడి కల్యాణ పట్టణంలో వీరశైవులు మెట్లు కట్టారు: భక్తుడు, మాహేశ్వరుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు. వీటికి షట్‌స్థలాలని పేరు. మనం గొప్పగా వాడే భక్తుడు వాళ్ళకి ఒకటో తరగతి! అక్కణ్ణుంచి ఎక్కి ఎక్కి శరణుడైతే గానీ పెద్ద చదువుకి వచ్చినట్టు కాదు. అన్నమయ్యకి చాలాముందే పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణం రాసి ఈ మనుషులందర్నీ తెలుగులోకి తెచ్చాడు. వాళ్ళ జంగముడంటే ఎవరు? గుళ్ళో కదలకుండా ఉండే లింగం స్థావరమైతే, నడుచుకుంటూ మన ఇంటికొచ్చే లింగం జంగమం. భూముల దస్తావేజుల్లో 'స్థావర జంగమ ఆస్తులు' అని ఇప్పటికీ రాస్తారు, ఇల్లూ పొలం ఒకటి, గొడ్డూ గోదా ఇంకొకటి. అదే మాట శివుడికి. మా అమ్మమ్మగారి ఊళ్ళో తెల్లారకుండానే శంఖం ఊదుతూ జంగందేవర వచ్చేవాడు. మేం దుప్పట్లో ముడుచుకునేవాళ్ళం. "దేవుడు గుమ్మంలో నిలబడితే మీకు నిద్రేమిటర్రా" అనేది అమ్మమ్మ. ఆవిడ జంగముడి తత్త్వం చదవలేదు. మాట మాత్రం సరిగ్గా అన్నది.

దాసోహం అన్న మాటా వాళ్ళదే. జంగముడికీ ఊరికీ అన్నం పెట్టడం దాసోహం. తుమకూరు సిద్ధగంగ మఠంలో నేటికీ ఆ అర్థంలోనే వాడతారు. మన దగ్గరికొచ్చేసరికి డబ్బుకి దాసోహం, పదవికి దాసోహం. ముందు 'దా' తీసేస్తే మిగిలేది సోహం, అతడే నేను అని. ఆ ఒక్క అక్షరం ఉంచాలా తీసెయ్యాలా అని మన పెద్దలు వెయ్యేళ్ళుగా వాదించుకుంటున్నారు. చంటిగాడి మెళ్ళో మాల ఉన్నన్నాళ్ళూ వాడికి ఆ వాదంతో పనిలేదు. వాడు చెప్పుకునేది శరణం, ఊరు వాణ్ణి పిలిచేది స్వామి.

దాసోహమే కాదు, భక్తి వీధిలోంచి వచ్చిన మాటలు మన నోట్లో పడి చాలానే చితికాయి. భాగవతుడంటే భగవంతుడి మనిషి. కూచిపూడివాళ్ళని భాగవతులనే పిలిచారు, ఆడేది కృష్ణుడి కథే కనక. భాగవతుల అని ఇంటిపేరు కూడా ఉంది. వీధిలో ఆడే వీధిభాగవతం జనం నోట భాగోతమైంది. ఆపైన "వాడి భాగోతం నాకు తెలియదా" అయింది. భజన చేస్తే పుణ్యం రావాలి. ఇప్పుడు భజనపరుడికి ప్రమోషను వస్తుంది. మొక్కుబడి అంటే కష్టంలో కన్నీళ్ళతో కట్టిన ముడుపు. "మొక్కుబడిగా హాజరయ్యాడు" అంటే ముళ్ళమీద కూర్చున్నట్టు వచ్చిపోయాడని. ఇన్ని మాటలు ఊరికే చెడవు. అరువు నామాలు ఎక్కువైనచోట అసలు నామాన్ని కూడా జనం గోకి చూస్తారు. 'కొత్త వైష్ణవుడికి నామాలెక్కువ' అన్న సామెత అందుకే పుట్టింది.

సన్యాసి సంగతి మరీ విచిత్రం. అన్నీ వదిలేసినవాడు సన్యాసి, రాగం పోయినవాడు వైరాగి, అంటే మన బైరాగి. మా వైపు "సన్యాసీ" అంటే తిట్టు. సన్యాసీ సన్యాసీ రాసుకుంటే బూడిదే రాలుతుందనీ అంటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళండి, సన్యాసినాయుడు, అప్పలసన్యాసి అని ముచ్చటగా బారసాలనాడే పేరు పెట్టుకుంటారు. ఆ సన్యాసికి ముగ్గురు పిల్లలు, ఏడెకరాల జీడితోట. కర్నూలు, అనంతపురం వైపు ఇలాగే ఫకీరప్పలు, దస్తగిరులు కనిపిస్తారు. పీర్లకి మొక్కుకుంటే పుట్టిన హిందువుల పిల్లలు. ఫకీరు అరబ్బీ మాట, అర్థం పేదవాడు. దేవుడి ముందు నా దగ్గరేం లేదని చెప్పుకునే మనిషి. అదీ తనంతట తాను చెప్పుకునే మాటే. మనం మాత్రం దివాలా తీసినవాణ్ణి ఫకీరయ్యాడంటాం.

మా ఇంటికి కరెంటు పనికి వచ్చే తమ్ముడొకడున్నాడు. ఆదివారం రమ్మంటే "నేను విశ్వాసినండి, మధ్యాహ్నం వస్తా" అన్నాడు మొదటిసారి. నాకు వింతగా తోచింది. మామూలు తెలుగులో విశ్వాసం కుక్కకుంటుంది, లేకపోతే అసెంబ్లీలో అవిశ్వాసం పెడతారు. చర్చి తెలుగులో విశ్వాసి అంటే సంఘంలో సభ్యుడు, ప్రార్థన నడిపించేవాడు సేవకుడు, లేదా దైవజనుడు. అక్కడ నమ్మకాన్ని నలుగురిలో ఒప్పుకోవడం ఓ ధర్మం. అందుకని "నేను విశ్వాసిని" అన్నది గొప్ప చెప్పుకోవడం కాదు, సాక్ష్యం చెప్పడం. అదే మనిషిని "నువ్వు భక్తుడివా" అని అడిగితే వాడూ సిగ్గుపడ్డాడు. "అంతటివాణ్ణి కాదండి" అన్నాడు.

ఈ సిగ్గు అందరికీ ఉంది. తిరుమల వెళ్ళి కంపార్టుమెంటులో కూర్చున్న ఎనిమిది గంటల్లో నేను చేసిన పరిశోధన ఇదే. పక్కన ఒకావిడ కొడుక్కి గుండె ఆపరేషనైంది, మొక్కు తీర్చడానికొచ్చింది. అవతల ఒకాయన ఇల్లు కట్టడానికి లోను శాంక్షను కావాలి. ఓ కుర్రాడు ఉత్తినే, ఇక్కడేముందో చూద్దామని వచ్చానన్నాడు. గీతలో ఇలాంటివాళ్ళకి పేర్లున్నాయి: ఆర్తుడు, అర్థార్థి, జిజ్ఞాసువు. నాలుగోవాడు జ్ఞాని. ఆ కంపార్టుమెంటులో ఆయన ఎవరో నాకు తెలియలేదు, మూలన గోడకానుకుని నిద్రపోతున్న ముసలాయన కావచ్చు. నలుగురూ మంచివాళ్ళేనన్నాడు కృష్ణుడు, లోను ఆయన్ని కూడా కలుపుకుని. నాకు అదే నచ్చింది. "ఎక్కడికండీ" అని ఎవర్నడిగినా "దర్శనానికొచ్చాం" అన్నారే గానీ భక్తులమని ఒక్కరూ అనలేదు. మమ్మల్ని భక్తులన్నది మైకు ఒక్కటే. "భక్తులకు విజ్ఞప్తి..." అంటూ. వసతి దగ్గరికొస్తే మేమే యాత్రికులం. హుండీ దాటి విరాళాల కౌంటరు దగ్గర దాతలం. ఈ యాత్రికుడు కూడా మన భాషలోనే ఇంత పవిత్రం. హిందీలో రైలెక్కిన ప్రతివాడూ యాత్రీయే, అప్పులవాళ్ళకి భయపడి పారిపోతున్నవాడైనా సరే. మన స్టేషన్లలో మాత్రం "ప్రయాణీకులకు గమనిక" అంటారు. యాత్ర అనాలంటే మనకి అవతల కాశీయో రామేశ్వరమో ఉండాలి. విజయవాడ గుణదలలో ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి నడిచొచ్చేవాళ్ళు కూడా యాత్రికులే.

ఇంతకీ చంటిగాణ్ణి నిన్న సాయంత్రం అడిగేశాను. "స్వామీ, మీరు భక్తులా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఏమో అంకుల్, చన్నీళ్ళ స్నానానికి ఇంకా ఒణుకుతూనే ఉన్నాను" అన్నాడు. మాల వేసుకున్నాక వాడు చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

వచ్చే ధనుర్మాసంలో మీ వీధిలోకి హరిదాసు వస్తే ఈ ప్రశ్న ఆయన్ని కూడా అడుగుదామనుకుంటారేమో. అడక్కండి. నెత్తిన అక్షయపాత్ర, ఒకచేత తంబుర, ఇంకోచేత చిడతలు, నోట హరినామం, మధ్యలో మీతో కబుర్లు పెట్టుకోడు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ దోసిట్లో బియ్యం పోసి పంపండి. పిల్లలకి అందేలా ఆయనే మోకాలి మీద వంగుతాడు.